తమ్ముడి కడుపు, నా చేతి ముద్ద

రండి, ఇలా గోడ వారకి, చాప మీదకి జరగండి. చేతిలో పనుంటే తెచ్చుకోండి. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వినగలిగే సంగతే ఇది. నాకు చదువు లేదు. మూడో తరగతిలో పలక పగిలితే మళ్ళీ ఎవరూ కొనలేదు. కానీ ఒకసారి విన్న మాట, చూసిన మొహం నన్ను వదిలిపోవు. అందుకని నా తమ్ముడి సంగతి నేనే చెప్పాలి.

మాది శ్రీకాకుళం వైపు పల్లె. పెళ్ళి చేసుకుని గాజువాక వచ్చాను. మా ఆయన పోర్టులో కళాసీ, ఓడల్లో సరుకు ఎత్తి దించే పని. తమ్ముడు నా వెనకే వచ్చి, కొన్నాళ్ళు కాంట్రాక్టరు కింద కూలి చేసి, చివరికి ఉక్కు ఫ్యాక్టరీలో పర్మినెంటు అయ్యాడు. అమ్మ మా చిన్నతనంలోనే పోయింది. వాడికి అన్నం కలిపి నోట్లో పెట్టి పెంచింది నేనే. మా వైపు అక్కని అప్ప అంటారు. వాడు "అప్పా" అని గుమ్మంలోంచి కేకేస్తే ఆ పిలుపులో అక్కా ఉండేది, అమ్మా ఉండేది. వాడికి పెళ్ళి చేసి మా ఇంటికి రెండు సందుల అవతలే కాపురం పెట్టించాను. ఒక ఆడపిల్ల పుట్టింది.

ఆదివారం వస్తే వాడికి బోటీ కూర కావాలి. మేక పేగులు తెచ్చి వండేది నేను, డ్యూటీ దిగి తిన్నగా వచ్చి తినేది వాడు.

"అప్పా, ఈయేల బోటీ నేదేటి?"

"ఉంది, కూకో. ముందు కాళ్ళు కడుగు. ఫ్యాక్టరీ మసంతా నా గుమ్మంలోనే దులుపుతన్నావు."

మా ఆయన మంచం మీంచే అందుకునేవాడు. "గాజువాకలో మేకలన్నిటి పేగులూ నీ కడుపులోకే ఎల్లిపోతన్నాయి బావా. పాపం, మేకలేటి సేత్తాయి?"

"నీకు కుళ్ళు బావా. మా అప్ప సేతి వంట, మాకు పుట్టింటి ఆస్తి."

బోటీ కడగడం ఓపిక పని. పేగుని సన్నటి పుల్లకి తొడిగి, లోపలి వైపు బయటికి తిప్పాలి. రాళ్ళుప్పూ పసుపూ వేసి రుద్ది, వేడినీళ్ళలో ముంచి తీసి, మళ్ళీ రుద్దాలి. మంచి పేగు తడిసిన పంచెగుడ్డలా పల్చగా ఉంటుంది. వేలు దూర్చి వెలుతురుకి పడితే వేలు కనిపిస్తుంది. ఈ మాట ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

తొంభైల చివర్లో వాడికి కడుపునొప్పి మొదలైంది. తిన్న కాసేపటికి కడుపులో బంతిలాంటిది ఏదో లేచి, గుడగుడమని తిరిగి, మళ్ళీ అణిగిపోయేది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. పడుకుని లేస్తే చాప మీద చెమట మనిషి ఆకారంలో ఉండేది. ప్యాంటు జారిపోతోందని బెల్టుకి మేకుతో బెజ్జం పొడుచుకున్నాడు. ఆ బెజ్జం కూడా వదులైంది. గాజువాకలో డాక్టరు గ్యాసన్నాడు. సీతమ్మధారలో పెద్ద డాక్టరు ఉన్నాడంటే బస్సులు మారి వెళ్ళాం. ఆయన చూసి, పేగుకి టీబీ అయ్యుంటుందని మాత్రలు రాశాడు. వాడికున్న అసలు జబ్బూ టీబీ పైకి ఒకేలా కనబడతాయని తర్వాత తెలిసింది. ఆయన్ని తప్పు పట్టను. ఆ మాత్రలకి ఒంటేలు ఎర్రగా వస్తే రక్తమనుకుని నా మరదలు గోడకి చేరగిలబడి ఏడ్చింది. "మాత్రల రంగే పిల్లా" అని చెప్పి నీళ్ళు తాగించాను. మొదట్లో కొంచెం తేరుకున్నట్టే ఉన్నాడు. తర్వాత ఇంకా చిక్కిపోయాడు.

అప్పుడు మరదలి తల్లి ఊరి నుంచి దిగింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. కూతురి పసుపుకుంకుమల గురించి భయం పట్టుకుంటే మనిషి ఏమైనా అంటుంది.

మా వైపు ఒక నమ్మకం ఉంది. గిట్టనివాళ్ళో, మనిషిని తమ వైపు తిప్పుకోవాలనుకునేవాళ్ళో తిండిలో ఏదో కలిపి పెడతారట. అది పేగుకి అంటుకుని అక్కడే ఊరుతుందట. మనిషి తిన్నది ఒంటబట్టక ఎండి ఎండి పోతాడట. దాన్ని పెట్టుడు మందు అంటారు. పసరు తాగించి కక్కించేవాళ్ళు అక్కడక్కడా పల్లెల్లో ఉంటారు. మరదలి తల్లి అల్లుణ్ణి అలాంటి ఒకడి దగ్గరికి తీసుకెళ్ళింది. పసరుకి వాడు కళ్ళు తేలేసి కక్కాడట. కక్కించినవాడు బేసినులో చెయ్యి పెట్టి, వెంట్రుకలు చుట్టుకున్న ముద్ద ఒకటి తీసి చూపించాడట. అది వాడి కడుపులోంచి వచ్చిందో, ఆ మనిషి గుప్పిట్లోంచి వచ్చిందో దేవుడికి తెలియాలి.

"దగ్గరి ఆడమనిషి సెయ్యి. నీసులో ఎట్టింది," అన్నాడట.

నీసంటే మాంసం. నా తమ్ముడికి వారం వారం మాంసం వండిపెట్టే దగ్గరి ఆడమనిషి ఇంకెవరుంది? తమ్ముడి సంపాదన పెళ్ళాం వైపు పోకుండా నేను వాణ్ణి కొంగున కట్టుకోవాలని చూశానట. మరదలి తల్లి మాటే అది. అక్కడికక్కడే పిల్లని తెచ్చి వాడి ముందు నిలబెట్టి, ఆ పిల్ల తల మీద వాడి చెయ్యి పెట్టించింది. "మీ అప్ప సేతి మెతుకు ఇంక ముట్టనని ఒట్టెయ్యి."

వాడు వేశాడు.

ఇదేమీ తెలియక నేను ఆ ఆదివారం బోటీ వండి, కంచం పెట్టి కూర్చున్నాను. వాడు వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"లోపలికి రారా. ఏటలాగ సుట్టంలాగ నిలబడ్డావు?"

"కడుపు బానేదప్పా. నాను తినను."

"ఓ ముద్ద తిను. బాగా ఉడకబెట్టినాను, మెత్తగున్నాది."

వాడు నా మొహం చూడలేదు. తలుపు చెక్కని గోటితో గీకుతూ జరిగిందంతా చెప్పాడు. చెప్పడం అయ్యాక, "నాను నమ్మనప్పా ఆ మాట. గానీ పిల్ల తలకాయి మీద సెయ్యేసినాను," అన్నాడు.

పొయ్యి మీద కూర అడుగంటిన వాసన వస్తున్నా లేవలేకపోయాను. వాడే మళ్ళీ అన్నాడు. "నీళ్ళియ్యప్పా. నీళ్ళకి ఒట్టు నేదు."

స్టీలు గ్లాసుతో నీళ్ళిచ్చాను. గుమ్మంలోనే నిలబడి గటగటా తాగాడు. ఆ రోజు నుంచి డ్యూటీ దిగి ఇంటికి వెళ్తూ మా గుమ్మం ముందు సైకిల్ ఆపేవాడు. నీళ్ళు తాగి వెళ్ళిపోయేవాడు. మా ఇద్దరి మధ్యా ఆ గ్లాసెడు నీళ్ళే మిగిలాయి. వాడొచ్చే వేళకి కొత్త కుండలోంచి ముంచి ఉంచేదాన్ని.

మా ఆయన ఊగిపోయాడు. "ఇన్నేళ్ళబట్టి నీ వంట నానే కదా తింతన్నాను! నాకెందుకెక్కనేదు మందు? నాయేటి, ఇనప పేగులా? పద, ఆ ముసల్దాన్ని అడుగుతాను."

"ఊరుకో. పిల్ల మీద ఒట్టది. మనం గోల సేత్తే ఆ గుంటకి జరమొచ్చినా మన మీదకే వత్తాది."

నేను మళ్ళీ బోటీ వండలేదు. ఇప్పటికీ వండను.

ఒకరోజు పొద్దున్నే మరదలు జుట్టు విరబోసుకుని మా ఇంట్లోకి పరిగెత్తుకొచ్చింది. నింద పడ్డాక మా గడప తొక్కడం అదే మొదలు. "వొదినా, బేగి రా. కడుపు డప్పులాగ బిగిసిపోనాది. పచ్చగా కక్కుతన్నాడు."

ఆటోలో వాడి తల నా ఒళ్ళో పెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. పేగు మూసుకుపోయిందని ఆ రోజే కోశారు. మూసుకుపోయిన ముక్క తీసేసి, మిగిలిన రెండు కొసలూ కలిపి కుట్టారు. తీసిన ముక్కని పరీక్షకి పంపారు. ఫలితం వచ్చాక ఒక చిన్న డాక్టరమ్మ మమ్మల్ని వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి చెప్పింది. కృష్ణా జిల్లా పిల్లలా ఉంది, మాట నిదానం.

"ఇది టీబీ కాదమ్మా. లింఫోమా అంటారు. ఒక రకం క్యాన్సరు."

ఆ మాటకి మరదలు నా మోచెయ్యి పట్టుకుంది. పట్టుకుందని దానికి తెలియదు.

"మన రక్తంలో రోగాలతో పోట్లాడే తెల్ల కణాలుంటాయి," అంది డాక్టరమ్మ. "పేగు గోడలో కూడా వాటి కాపలా ఉంటుంది. రోజూ తిండితో పాటు ఏవేవో లోపలికి వస్తాయి కదా, అందుకని. ఆ కాపలా కణాలే అదుపు తప్పి పెరిగిపోతే ఈ జబ్బు."

"కడుపులో ఎక్కడొచ్చింది తల్లీ?" అని అడిగాను.

"అన్నం దిగే దారిలో ఎక్కడైనా రావచ్చు. ఎక్కువమందికి పొట్టలో వస్తుంది. తర్వాత చిన్నపేగులో. పెద్దపేగులో తక్కువ. వచ్చే తీరు కూడా అందరికీ ఒకటి కాదు. ఒకరికి ఒకే గడ్డగా ఉంటుంది, ఇంకొకరికి పుండులా. కొందరికి పేగు లోపలంతా బొడిపెలు లేస్తాయి. మీ తమ్ముడికి గోడ దళసరెక్కి గొట్టంలా బిగుసుకుపోయింది. కొంత దూరం పేగు బాగానే ఉంది, మళ్ళీ ఇంకో చోట దళసరి."

ఒళ్ళో ఉన్న నా వేళ్ళు వాటంతటవే ఒకదాన్నొకటి రాసుకున్నాయి. పుల్లకి తొడిగిన పేగు, వెలుతురుకి పట్టినప్పుడు లోపల కనిపించే వేలు గుర్తొచ్చాయి. నా తమ్ముడి పేగుని వెలుతురుకి పడితే వేలు కనబడదన్నమాట. ఆమె చెప్పిందాంట్లో నాకర్థమైంది అదొక్కటే.

మరదలు ముందుకి వంగి అడిగింది. "అమ్మా, ఎవులైనా కూడులో ఏటైనా కలిపి ఎట్టితే వత్తాదా ఇది?"

డాక్టరమ్మకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "దీన్ని ఎవరూ ఎవరికీ పెట్టలేరమ్మా. ఎందుకొచ్చిందంటే మాకే సరిగ్గా తెలియదు."

పక్కనే నిలబడ్డ మరదలి తల్లి కొంగు దులిపింది. "సదువుకున్న పిల్ల. మన సంగతులు దానికేటి తెలుసు."

కుట్లు మానాక సెలైనులో మందు ఎక్కించడం మొదలుపెట్టారు. అందులో ఒకటి రూహ్ అఫ్జా షర్బత్తులా ఎర్రగా ఉండేది. అది ఎక్కితే వాడు నీళ్ళు కూడా నిలుపుకోలేకపోయేవాడు. నేను రోజూ చోడి అంబలి, అదే రాగి జావ, పల్చగా కాచి, మజ్జిగ కలిపి క్యారేజీలో తీసుకెళ్ళేదాన్ని. మరదలు అందుకుని మంచం కింద పెట్టేది. సాయంత్రం తిరిగి తీసుకుంటే క్యారేజీ బరువు తగ్గేది కాదు. మూత తీస్తే పైన పొర కట్టి ఉండేది. వాడు మంచం మీంచి నా వైపు చూసి, "నీళ్ళియ్యప్పా" అనేవాడు. ఇచ్చేదాన్ని.

జుట్టంతా రాలిపోయిన వారం మా ఆయన చూడ్డానికొచ్చాడు. కాసేపు కళ్ళు అటూ ఇటూ తిప్పి, "సింహాచలం మెట్లెక్కకుండానే మొక్కు తీర్చీసుకున్నావేటి బావా," అన్నాడు.

తమ్ముడు నవ్వాడు. "అప్పన్నకి మంగలి కూలి మిగిలిపోనాది బావా." నవ్వుతూనే కుట్లు నొప్పెట్టి కడుపు పట్టుకున్నాడు. మా ఆయన వరండాలోకి వెళ్ళిపోయి, గోడ వైపు తిరిగి చాలాసేపు బీడీ వెలిగించుకోకుండా పట్టుకు నిలబడ్డాడు.

ఇంటికి పంపేశాక కూడా మందు ఎక్కించుకోవడానికి విడతకొకసారి వెళ్ళేవాళ్ళం. అక్కడ బల్ల మీద భీమిలి వైపు నుంచి వచ్చే ముసలమ్మ ఒకతి కలిసేది. ఎండుచేపలు అమ్ముకుని బతికేది. ఆమెదీ ఇదే పేరున్న జబ్బు, కానీ పొట్టలో వచ్చింది. పొట్టలో ఏదో పురుగు చేరి పుండు పెట్టి, దాని మీద ఇది పుట్టిందని, ఆ పురుగు చావడానికి మాత్రలిస్తే గడ్డ కూడా కరిగిపోతోందని డాక్టర్లు చెప్పారట. ముసలమ్మ దర్జాగా కాళ్ళు చాపుకుని తమలపాకు నములుతూ ఉండేది.

మరదలు ఆమె పక్కకి జరిగి మెల్లగా అడిగింది. "మామ్మా, నీకెవులెట్టారు?"

"ఏటే ఎట్టడం?"

"అదే... పెట్టుడు మందు."

ముసలమ్మ పళ్ళులేని నోటితో పకపకా నవ్వింది. "నాకెవులున్నారే ఎట్టడానికి? మొగుడు నేడు, బిడ్డా నేదు. వండుకునీదీ నానే, తినీదీ నానే. అయితే నాకు నానే ఎట్టుకున్నాననుకోవాల."

బస్సు గాజువాకలో ఆగబోతుంటే మరదలు, "వొదినా, ముసల్దానికి మాత్రలకే తగ్గిపోతన్నాదట. మీ తమ్ముడికెందుకు తగ్గదు?" అంది.

డాక్టరమ్మ చెప్పిందే నా మాటల్లో చెప్పాను. "ఇంటిపేరొకటైతే బుద్ధొకటవుద్దేటే? ముసలమ్మది నెమ్మదిగా నడిసే జాతి. మనోడిది పరిగెత్తే జాతి."

ఆ తర్వాత కొన్నాళ్ళు బాగున్నాడు. నూగు జుట్టు వచ్చింది. ఫ్యాక్టరీలో కూర్చుని చేసే పనిచ్చారు. సాయంత్రం మళ్ళీ మా గుమ్మం ముందు సైకిల్ ఆగేది, నీళ్ళ గ్లాసు ఖాళీ అయ్యేది. ఒకరోజు మరదలే కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి, "ఒట్టు సంగతి అమ్మనడిగినాను వొదినా. ఎయ్యించినోళ్ళే తియ్యాలట. తను తియ్యదట. పిల్లకేటైనా అయితే ఎవులు పూచీ అంతన్నాది," అని తల దించుకుంది. నింద మీద నమ్మకం పోయిందని నాకు అప్పుడే తెలిసింది. ఒట్టు మీద భయం పోలేదు. మా వాళ్ళకి నిందకన్నా ఒట్టే పెద్దది. నా తమ్ముడికీ అంతే. కన్నబిడ్డ తల మీద పెట్టిన చెయ్యిని ఏ తండ్రి తేలిగ్గా తీస్తాడు?

జబ్బు తిరగబెట్టింది. ఈసారి కోసిన చోట కాదు, ఇంకా పైన. పొట్టలో నీరు చేరింది. ముక్కులోంచి గొట్టం వేశారు. ఇంకోసారి కోసి లాభం లేదని డాక్టరమ్మ అన్నప్పుడు ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను క్యారేజీ తీసుకెళ్ళడం మానలేదు. ఎందుకు తెస్తున్నావని ఎవరూ అడగలేదు.

ఒక మధ్యాహ్నం మరదలు కూతుర్ని బడి నుంచి తిన్నగా ఆసుపత్రికి తెచ్చింది. యూనిఫారం, రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. పిల్లని మంచం పక్కన నిలబెట్టి, తమ్ముడి చెయ్యెత్తి దాని తల మీద పెట్టింది. మరదలి తల్లి గుమ్మంలో ఉంది. అయినా మరదలు అటు చూడలేదు.

"ఆ ఒట్టు తీసి గట్టున ఎట్టీసినాను, అని అను."

వాడు ముక్కులో గొట్టంతోనే మెల్లగా, "పిల్లకి..." అన్నాడు.

"ఏటైనా అయితే నాకవుతాది. నువ్వను."

వాడు అన్నాడు. అంటున్నప్పుడు పిల్ల రిబ్బను పట్టుకుని వదిలాడు. గుమ్మంలో నిలబడ్డ పెద్దావిడ అడ్డం రాలేదు. అలాగని లోపలికీ రాలేదు.

మరదలు మంచం కింద నుంచి నా క్యారేజీ తీసి నా చేతికిచ్చింది. కానీ అప్పటికి వాడు మింగే స్థితి దాటిపోయాడు. పెదాలు తడపొచ్చని నర్సు చెప్పింది. పైన తేరిన అంబలి నీళ్ళలో చెంచా ముంచి, పెదాల మీద ఒక చుక్క వేశాను. వాడు నాలిక కొస బయటపెట్టి రాసుకున్నాడు. కళ్ళు మూసుకుని రుచి చూశాడు.

"ఉప్పు తక్కువైందప్పా," అన్నాడు.

నాతో వాడు అన్న చివరి మాట అది. మర్నాడు తెల్లారాక పోయాడు.

చావు జరిగిన ఇంట ఆ రోజు పొయ్యి వెలిగించరు. దగ్గరివాళ్ళు వండి తెచ్చి పెట్టాలి. సాగనంపి వచ్చాక చుట్టుపక్కల వాళ్ళు, ఫ్యాక్టరీ వాళ్ళ ఇళ్ళవాళ్ళు గిన్నెలు తెచ్చి వరండాలో వరసగా పెట్టారు. నేనూ అన్నం, పప్పుచారు వండాను. తీసుకెళ్ళి చివరన పెట్టి, మూత మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ఎవరైనా తీసుకుంటారో, సాయంత్రానికి పొర కట్టి తిరిగొస్తుందో తెలియదు. నా గుండె కొట్టుకోవడం మూత మీద చప్పుడవుతుందేమో అనిపించింది.

పిల్ల పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. అన్ని గిన్నెలూ దాటుకుంటూ వచ్చి నా ముందు కూర్చుంది. "అత్తా, నువ్వెట్టు."

నేను మరదలి వైపు చూశాను. అది కళ్ళతోనే ఊ అంది. అన్నం కలిపి ముద్ద చేసి, ఏ తల మీద ఒట్టు పడిందో ఆ తల నిమురుతూ, పిల్ల నోట్లో పెట్టాను. మా తమ్ముడికి చిన్నప్పుడు పెట్టినట్టే, బొటనవేలితో తోస్తూ. తర్వాత మరదలికి పెట్టాను. నమలకుండా మింగింది.

మరదలి తల్లి పిల్ల పక్కనే గోడకి ఆనుకుని ఉంది. నేను పెట్టబోలేదు, ఆవిడ అడగలేదు. పిల్ల ఒళ్ళో నాలుగు మెతుకులు రాలాయి. ఆవిడ వంగి, వాటిని ఒక్కొక్కటే ఏరి, తన నోట్లో వేసుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొహం అటు తిప్పేసుకుంది.

ఆ పిల్లకి పెళ్ళయింది. ఇప్పటికీ వస్తే గుమ్మంలోంచే "అత్తా, నీళ్ళియ్యి" అంటుంది. అచ్చం వాడి గొంతే. నీళ్ళిస్తాను, అన్నమూ పెడతాను.

ఇంతసేపు ఓపిగ్గా కూర్చున్నారు. చిక్కుళ్ళు కూడా అయిపోయాయి. మీ ఇంట్లో వండే చేతికి ఏనాడూ మాట రాకూడదు. తినే కడుపుకి ఏనాడూ కష్టం రాకూడదు. మీ పిల్లల తలల మీద దీవెనకి తప్ప మరి దేనికీ ఎవరి చెయ్యీ పడకూడదు. మీ పొయ్యి పచ్చగా వెలగాలి, మీ గిన్నెలు వెళ్ళిన ప్రతి ఇంటి నుంచీ ఖాళీగా తిరిగి రావాలి తల్లీ. వెళ్ళిరండి.